నేలను చదివిన ఇంజనీరు - మోక్షగుండం విశ్వేశ్వరయ్య



మన గిద్దలూరు, కంభం ప్రాంతంలో బేస్తవారిపేట తెలియనివారు ఉండరు. ఆ మండలంలోనే మోక్షగుండం అనే పల్లె ఉంది. ముక్తేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. చూడడానికి మన ఊళ్ళలాంటి ఊరే. కానీ ఆ ఊరి పేరును ఇంటిపేరుగా చేసుకున్న ఒక మనిషి దేశమంతా తెలుసు. ఆయనే భారతరత్న సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 15ను మన దేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

విశ్వేశ్వరయ్య గారి గురించి పాఠ్యపుస్తకాలలో చదివినప్పుడు ఆనకట్టలు, బిరుదులు, పదవులు గుర్తుంటాయి. ఈ వ్యాసంలో ఆయన జీవితాన్ని ఇంకో వైపు నుంచి చూద్దాం. కట్టడం పైకి ఎంత లేచిందనేది అందరికీ కనిపిస్తుంది. దాని కింద నేల ఎలా ఉంది, రాయి ఎలా ఉంది, నీరు ఎటు పోతోంది అనేది ఎవరికీ కనిపించదు. ఆ కనిపించని దానిని ముందుగా చదివిన మనిషిగా ఆయనను తెలుసుకుందాం. రాళ్ళనేల, కరువు నేల అని మనమే చిన్నచూపు చూసుకునే ఈ పశ్చిమ ప్రకాశం పిల్లలకు ఆ చదువు ఎంతో అవసరం.

బాల్యం, చదువు

విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులు మోక్షగుండం నుంచి మైసూరు రాజ్యానికి వలస వెళ్ళారు. ఊరు వదిలినా ఊరి పేరు వదలలేదు. ఇంట్లో తెలుగు మాటా వదలలేదు. ఆయన 1861 సెప్టెంబరు 15న చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో జన్మించారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి గారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. ఇంట్లో చదువు ఉంది గానీ డబ్బు లేదు. చిన్నతనంలోనే తండ్రి పోయారు.

చిక్కబళ్ళాపురంలో బడి చదువు అయ్యాక బెంగుళూరులోని మేనమామ రామయ్య గారి అండతో సెంట్రల్ కాలేజిలో చేరారు. ఖర్చులకు చాలక ఒక కొడగు కుటుంబం పిల్లలకు పాఠాలు చెప్పేవారు. ఒకచోట పడక, ఇంకోచోట భోజనం, మధ్యలో నడక. ఇలా చదివి 1881లో మద్రాసు విశ్వవిద్యాలయం బి.ఎ. పూర్తి చేశారు.

ఇంజనీరింగు చదవాలంటే పూనా వెళ్ళాలి. అక్కడి ఫీజులు, ఖర్చులు భరించే శక్తి ఆ కుటుంబానికి లేదు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పు వల్లే ఆయన పూనా సైన్స్ కాలేజిలో చేరగలిగారు. 1883లో బొంబాయి రాజధానిలో మొదటి స్థానంలో నిలిచి బర్క్లీ బహుమతి పొందారు. 1884లో బొంబాయి ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. స్కాలర్‌షిప్పు మాట గుర్తుంచుకోండి మిత్రులారా. మళ్ళీ ఆ మాట దగ్గరికి వద్దాం.

నేల గురించిన ఇంజనీరింగు

ఆయన పనులు చెప్పుకునే ముందు ఒక సంగతి. ఇప్పుడు సివిల్ ఇంజనీరింగులో జియోటెక్నికల్ ఇంజనీరింగు అనే శాఖ ఉంది. కట్టడం బరువును నేల మోయగలదా, పునాది ఎంత లోతుకు దించాలి, కట్ట కింద నీరు ఊరితే ఏమవుతుంది, కొండచరియ జారుతుందా, సొరంగం తవ్వితే పైన రాయి నిలుస్తుందా - ఇవన్నీ తేల్చేది ఈ శాఖ. ఇల్లు, వంతెన, రోడ్డు, రైలుమార్గం, ఓడరేవు, ఆనకట్ట - ఏది కట్టాలన్నా మొదటి పని దీనిదే.

ముందుగా బోరు వేసి మట్టి నమూనాలు తీస్తారు. 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదే పదే వదిలి, కింది గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్క పెడతారు. తక్కువ దెబ్బలకే దిగితే నేల మెత్తన, ఎక్కువ పడితే గట్టి. తరువాత ప్రయోగశాలలో మట్టిలో ఇసుక ఎంత, బంకమట్టి ఎంత, తడిస్తే ఎంత ఉబ్బుతుంది, ఎంత బరువుకు కుంగుతుంది అని చూస్తారు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్ళు తీస్తుంది. అందుకే ఆ నేలలో మామూలు పునాదుల మీద కట్టిన ఇళ్ళ గోడలు బీటలు వారతాయి. ఎర్ర గరుసు నేలకు ఆ బాధ తక్కువ. ఇది మన మేస్త్రీలకు అనుభవంతో తెలిసిందే. శాస్త్రం దానికి కొలత ఇచ్చింది.

ఈ శాస్త్రానికి ఒక రూపం ఇచ్చినవారు కార్ల్ టెర్జాగీ. ఆయన గ్రంథం 1925లో వెలువడింది. విశ్వేశ్వరయ్య గారు ఉద్యోగంలో చేరిన నాటికి ఇంకా నలభై ఏళ్ళకు గానీ ఆ పుస్తకం రాలేదు. కాబట్టి ఆయనను జియోటెక్నికల్ ఇంజనీరు అని ఎవరూ పిలవలేదు. నేలను కళ్ళతో చూసి, చేతితో నలిపి, గుంట తవ్వి, నీటి మట్టం కొలిచి నిర్ణయించే కాలం అది. ఆ కాలంలో ఆయన ఎంత జాగ్రత్తగా చూశారో ఇప్పుడు చూద్దాం.

ఇసుకే వడపోత

ఇప్పటి పాకిస్తాన్‌లో, సింధు నది ఒడ్డున సుక్కూరు అనే పట్టణం ఉంది. 1894 ప్రాంతంలో అక్కడి మంచినీటి పథకం పని విశ్వేశ్వరయ్య గారికి అప్పగించారు. నదిలో నీరు పుష్కలం, కానీ ఒండ్రుతో నిండిన నీరు. వడపోత కేంద్రం కట్టడానికి మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు.

ఆయన నది పైనున్న నీటిని వదిలి, నది కింద ఉన్న ఇసుకను చూశారు. నది గర్భంలోనే బావి తవ్వించి, అక్కడి నుంచి నది అడుగున సొరంగంలాంటి దారి చేయించారు. పై నీరు ఇసుక పొరల గుండా ఊరుతూ వచ్చేసరికి ఒండ్రు ఆగిపోయి తేటనీరు బావిలోకి చేరింది. దానిని పైకి తోడి ఊరికి ఇచ్చారు. మన ఏళ్ళలో ఎండాకాలం చెలమ తవ్వి నీళ్ళు తోడుకోవడం చూశాం కదా. సూత్రం అదే. దానిని ఒక పట్టణానికి సరిపడేలా చేయడమే ఇంజనీరింగు.

పాత కట్టకు కొత్త తలుపులు

పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయం ఉంది. వరదలో ఏటా ఎంతో నీరు అలుగు మీదుగా వృథాగా పోయేది. ఆ నీరు నిలపాలంటే కట్ట ఎత్తు పెంచాలి. ఎత్తు పెంచితే నీటి తోపుడు పెరుగుతుంది, పాత కట్టడం మీద, దాని పునాది మీద భారం పెరుగుతుంది. విశ్వేశ్వరయ్య గారు కట్టను ముట్టుకోలేదు. అలుగు మీద వాటంతట అవే తెరుచుకుని మూసుకునే ఉక్కు తలుపులు రూపొందించి 1903 నాటికి అమర్చారు. నీరు 8 అడుగుల మేర అదనంగా నిలిచేది. వరద పెరిగితే తలుపులు తెరుచుకునేవి, తగ్గితే మూసుకునేవి. తరువాత గ్వాలియరు దగ్గర తిగ్రా ఆనకట్టకు, కృష్ణరాజ సాగరానికి ఇలాంటి తలుపులే పెట్టారు.

దక్కను కాలువల కింద ఇంకో సమస్య ఆయన కంటపడింది. కాలువ ఎగువ ఉన్నవారు చెరకు పొలాలకు అవసరానికి మించి నీరు పెట్టేవారు. నల్లనేల ఆ నీటిని పీల్చుకుని ఊటెక్కి చౌడు బారేది. దిగువ రైతుకు మాత్రం చుక్క నీరు దక్కేది కాదు. 1899 ప్రాంతంలో ఆయన బ్లాకు పద్ధతిని ప్రతిపాదించారు. ఆయకట్టును భాగాలు చేసి, పంటలు మార్చుతూ, ఎక్కువ నీరు తాగే పంటను కొంత భాగానికే పరిమితం చేయాలన్నది ఆ పద్ధతి. మొదట రైతులు వ్యతిరేకించారు. తరువాత లాభం చూసి ఒప్పుకున్నారు. నేలకు నీరు లేకపోతే కరువు, మితిమీరితే చౌడు అన్న సంగతి ఆనాడే గ్రహించారు.

మూసీ వరద తరువాత

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. వేలమంది చనిపోయారు, వేల ఇళ్ళు కూలిపోయాయి. అప్పటికి విశ్వేశ్వరయ్య గారు బొంబాయి ఉద్యోగం నుంచి తప్పుకునే ఏర్పాట్లలో ఉండి విదేశాలలో పర్యటిస్తున్నారు. నిజాం ప్రభుత్వం పిలుపు మీద 1909లో హైదరాబాదు వచ్చారు.

ఆయన నగరంలోని నది గట్లు మాత్రమే చూడలేదు. ఎగువకు వెళ్ళి మొత్తం పరీవాహక ప్రాంతాన్ని పరిశీలించారు. అక్కడ వందల చెరువులు ఉన్నాయి. ఆ వానకు రెండువందలకు పైగా చెరువులు తెగాయి. ఒక మట్టికట్ట తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, ఆ కట్టా తెగుతుంది. అలా గొలుసుకట్టుగా తెగిన నీరంతా నగరం మీద పడింది. మట్టికట్టకు నీరు పైనుంచి పొర్లడం కంటే పెద్ద శత్రువు లేదు. పొర్లిన చోట మట్టి కోసుకుపోయి చూస్తుండగానే గండి పడుతుంది. అందుకే అలుగు చాలినంత వెడల్పు ఉండాలి.

నగరానికి ఎగువన మూసీ మీద, ఈసా మీద రెండు జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన సూచించారు. తరువాత ఇంజనీర్లు వాటిని కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ప్రాణాలు తీసిన నీరే మంచినీరై నగరానికి అందింది.

కన్నంబాడి పునాది

1909 చివరలో ఆయన మైసూరు రాజ్యానికి చీఫ్ ఇంజనీరు అయ్యారు. కావేరి మీద కన్నంబాడి దగ్గర ఆనకట్ట పని 1911 నవంబరులో మొదలైంది. అదే కృష్ణరాజ సాగరం.

ఇక్కడ పునాది కథ ఒకటి ఉంది. దిగువన ఉన్న మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో మొదటి దశలో 80 అడుగుల ఎత్తుకే అనుమతి వచ్చింది. కానీ మైసూరు ఇంజనీర్లు పునాదిని మాత్రం తరువాత దశలో కట్టబోయే పూర్తి ఎత్తుకు తగిన వెడల్పుతో వేశారు. పునాది ఇరుకుగా వేసి, తరువాత పైన ఎత్తు పెంచడం ప్రమాదం. ఈ వెడల్పు మీదే రెండు ప్రభుత్వాల మధ్య పెద్ద వివాదం నడిచింది. 1924లో ఒప్పందం కుదిరింది. 1930ల మొదట్లో ఆనకట్ట పూర్తి ఎత్తుతో నిలిచింది.

అప్పట్లో సిమెంటు విదేశాల నుంచి రావాలి, ఖరీదు ఎక్కువ. అందుకని సున్నంలో ఇటుకపొడి కలిపిన సుర్ఖీ గచ్చుతో రాతిని కట్టారు. ఆ గచ్చు నీటిలోనూ గట్టిపడుతుంది. దాదాపు పదివేల మంది కూలీలు ఆ పనిలో చెమటోడ్చారు. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. జలాశయం కింద కన్నంబాడితో పాటు అనేక ఊళ్ళు మునిగాయి. మాండ్య ప్రాంతం పచ్చబడిన మాట నిజం. దాని వెనుక ఊరు వదిలినవారి కన్నీరు ఉందన్నదీ నిజం. రాయి మోసే తల్లిదండ్రుల బిడ్డలం మనం. ఆనకట్టను చూసినప్పుడు ఇంజనీరుతో పాటు వారినీ తలుచుకోవాలి.

దివాను పదవి, ఒక విభేదం

1912లో ఆయన మైసూరు దివాను అయ్యారు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కాలేజి ఆయన హయాంలో వచ్చాయి. భద్రావతి ఇనుము కర్మాగారానికీ ఆయనే మూలం. 1915లో సర్ బిరుదు వచ్చింది.

మనలాంటి సంక్షేమ హాస్టలు విద్యార్థులు దాచకుండా చెప్పుకోవలసిన సంగతి ఒకటి ఇక్కడే ఉంది. మైసూరులో ప్రభుత్వ ఉద్యోగాలు చాలావరకు ఒకే వర్గం చేతిలో ఉండేవి. మిగిలిన వర్గాలు తమ వాటా అడిగాయి. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయారు 1918లో సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో ప్రత్యేక అవకాశం ఇవ్వడం దివాను గారికి సమ్మతం కాలేదు. ప్రతిభ ఒక్కటే కొలత కావాలన్నది ఆయన పక్షం. ఆ విభేదంతో 1918 చివరలో పదవి నుంచి తప్పుకున్నారు. మహారాజు తన మార్గంలోనే సాగారు. దేశంలో రిజర్వేషన్ల చరిత్రలో ఆ కమిటీకి ముఖ్యమైన స్థానం ఉంది.

ఈ ఒక్క విషయంలో మనం ఆయనతో ఏకీభవించలేం. కాదనడానికి కారణం ఆయన జీవితంలోనే ఉంది. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు లేకపోతే ఆ ప్రతిభ పూనా చేరేదా? కన్నంబాడి దగ్గర గోడ ఇంకా 80 అడుగులే ఉన్నప్పుడు పునాదిని పూర్తి ఎత్తుకు వేయాలని పట్టుబట్టినవారు ఆయన. సమాజానికీ అదే సూత్రం వర్తిస్తుంది. తరతరాలుగా పునాది వేయనివ్వని వారి ఎత్తును కొలిచి, తక్కువ ఉన్నారనడం సరైన లెక్క కాదు. హాస్టలు, స్కాలర్‌షిప్పు, రిజర్వేషను మన తరానికి ఆలస్యంగా పడిన పునాది. ఆయన ఇంజనీరింగును గౌరవిస్తూనే ఈ మాట చెప్పుకోవడం ఆయనకు అగౌరవం కాదు. గొప్పవారి దగ్గర నేర్చుకోవలసింది నేర్చుకుని, విభేదించవలసిన చోట విభేదించడమే చదువు.

తొంభై దాటినా అదే చూపు

పదవి పోయినా ఆయన పని ఆగలేదు. హైదరాబాదు మురుగునీటి పథకం, ఒరిస్సా వరదల పరిశీలన, ఎన్నో కమిటీలు. తొంభై ఏళ్ళు దాటాక బీహారులో గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలన్న ప్రశ్న వచ్చింది. గంగ ఒండ్రునేలలో దారి మార్చుకునే నది. నది స్థిరంగా ఉండే చోటు ఎంచుకోవడమే అక్కడ సగం పని. ఆయన ఆ వయసులో పరిశీలన జరిపి మొకామా దగ్గర కట్టడం మంచిదని సూచించారు. 1959లో ఆ వంతెన ప్రారంభమైంది. నేటికీ నిలిచి ఉంది.

1955లో భారత ప్రభుత్వం భారతరత్న ఇచ్చి గౌరవించింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్ళు నిండిన జీవితం గడిపి బెంగుళూరులో కన్నుమూశారు. వేళకు పని, శుభ్రమైన బట్ట, లెక్క రాసిన కాగితం - ఈ మూడు అలవాట్లు చివరి వరకు వదలలేదు.

మన నేలను మనం చదువుదాం

మిత్రులారా, ఇప్పుడు మన ప్రాంతం వైపు తిరిగి చూడండి. కంభం చెరువు రెండు కొండల మధ్య సందులో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కట్ట. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించారని చెప్పుకుంటారు. సుమారు 57 అడుగుల ఎత్తున్న ఆ కట్ట వందల ఏళ్ళుగా నీరు మోస్తోంది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. అంత చిన్న కట్టతో అంత పెద్ద చెరువు నిలిచే చోటును ఎంచిన ఆనాటివారు నేలను చదివినవారే.

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవారు దేశమంతా ఉన్నారు. ఆ పలకరాయి పొరలు పొరలుగా చీలుతుంది. పలక చేయడానికి ఆ గుణం మేలు. సొరంగం తవ్వేవారికి అదే గుణం పరీక్ష. ఏ పొర ఎటు వాలి ఉందో తెలియకపోతే పైకప్పు జారి పడుతుంది. మన కొండల రాతి వర్గాలలో ఒకదానికి భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరే పెట్టారు.

శ్రీశైలం నీటిని నల్లమల గుండా మన వైపు తేవడానికి తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా పొడవున్న రెండు సొరంగాలు. మొదటిదాని తవ్వకం 2021లో, రెండవదాని తవ్వకం 2024లో పూర్తయ్యాయి. కొండల మధ్య మూడు సందులకు అడ్డంగా కట్టలు కట్టి నల్లమల సాగరం ఏర్పాటు చేశారు. కంభం చెరువు సూత్రమే, పెద్ద కొలతలో. ఆ నీటి కోసం ఊళ్ళు వదిలిన నిర్వాసితులకు న్యాయం జరగడమూ ఆ పనిలో భాగమే.

మన బోర్లలో ఫ్లోరైడు ఎందుకు? నీరు రాతి పొరల్లో ఏళ్ళ తరబడి నిలిచి, ఆ రాతిలోని ఫ్లోరైడును కరిగించుకుంటుంది. అదీ నేల చెప్పే సంగతే. మన ఊళ్ళలో చిన్న వయసులోనే వంగిపోయిన నడుములను చూసినవారికి ఈ చదువు విలువ వేరే చెప్పనక్కరలేదు.

పదవ తరగతి తరువాత పాలిసెట్ రాసి సివిల్ డిప్లొమా చేయవచ్చు. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి బి.టెక్. సివిల్‌లో చేరవచ్చు. ఆ పైన వరంగల్ ఎన్.ఐ.టి. వంటి చోట్ల జియోటెక్నికల్ ఇంజనీరింగులో ఎం.టెక్. ఉంది. నీటిపారుదల, రోడ్లు, రైల్వే, మెట్రో, ఓడరేవులు, మట్టి పరీక్షల ప్రయోగశాలలు - ఎక్కడ నేల తవ్వితే అక్కడ ఈ చదువుకు పని ఉంటుంది.

మోక్షగుండం నుంచి ఒక కుటుంబం బతుకు వెతుక్కుంటూ వెళ్ళింది. మన ఊళ్ళ నుంచి ఇప్పటికీ ఎన్నో కుటుంబాలు సుగ్గికి వలస వెళుతున్నాయి. వెళ్ళిన కుటుంబంలో పుట్టిన బిడ్డ దేశానికి ఆనకట్టలు కట్టాడు. ఇక్కడే ఉన్న బిడ్డలు తమ నేలకు నీరు తెచ్చే రోజు రావాలి. ఆ బిడ్డలలో ఒకరు ఈ హాస్టలు గదిలోనే, ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదువుతూ ఉండవచ్చు. పునాది పడింది. ఎత్తు కట్టడం మన చేతుల్లో ఉంది.